స్నోమేకింగ్ గురించి గట్టిగా చెప్పుకుంటే స్కీ రిసార్ట్‌కి జనం వస్తారా, పక్క కొండకి పోతారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. పెన్సిల్వేనియాలో ఒక చిన్న స్కీ రిసార్ట్ మార్కెటింగ్‌లో ఈమధ్యే చేరారు, ఓనర్లు ఈ వేసవిలో కొత్త పంపులు, కొత్త స్నో గన్‌లు (చలిలో నీళ్ళు చిమ్మి మంచు తయారుచేసే మెషిన్లు, ఈ పనినే స్నోమేకింగ్ అంటారు) పెట్టించారు, "ఇంత ఖర్చు పెట్టాం కదా, దీన్ని ప్రచారంలో వాడండి" అంటున్నారు, మీకేమో "మాది మెషిన్ మంచు" అని మనమే చాటింపు వేసుకుంటే ఉన్న కస్టమర్లు కూడా పోతారేమో అని భయం. వాడాలా వద్దా, వాడితే ఎలా, మంచు ఉంటుందని గ్యారంటీ కూడా ఇవ్వాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. వాడండి, దాచకండి. కానీ మెషిన్లని అమ్మకండి, తేదీని అమ్మండి. "మా దగ్గర ఇన్ని కొత్త గన్‌లున్నాయి" అంటే సీజన్ పాస్ ఉన్న కొద్దిమంది పాత స్కీయర్లు సంతోషిస్తారు, అంతే. "డిసెంబర్ 20కి ఈ మూడు రన్‌లు, బిగినర్ ఏరియా, ట్యూబింగ్ తెరిచి ఉంటాయి, పిల్లల్ని తీసుకుని రండి" అంటే టికెట్లు తెగుతాయి (రన్ అంటే స్కీ చేస్తూ దిగే వాలు, ట్యూబింగ్ అంటే గాలి నింపిన ట్యూబులో కూర్చుని మంచు మీద జారడం). ఆర్టీసీ బస్సెక్కేవాడు ఇంజన్ ఎన్ని హార్స్‌పవరో అడగడు, విజయవాడకి ఎన్నింటికి చేరుస్తారో అడుగుతాడు. మీ దగ్గరికొచ్చే కుటుంబాలు కూడా అంతే.

నేను ఈశాన్య అమెరికాలో కొన్ని కొండల దగ్గర మార్కెటింగ్ చూశానండీ, తెల్లారకముందే స్నో రిపోర్ట్ రాసే ఉద్యోగంతో మొదలుపెట్టాను, అందుకని కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఆ పనిలో చూసినవే.

ముందు మీ భయం సంగతి. పెన్సిల్వేనియా, న్యూయార్క్, వెర్మాంట్ వైపు స్కీ చేసేవాళ్ళలో కాళ్ళ కింద ఉన్నది మెషిన్ మంచని తెలియనివాళ్ళు దాదాపు లేరు. ఈ ఏరియాలో స్కీ వ్యాపారం నిలబడిందే దాని మీద. కనెక్టికట్‌లో మోహాక్ మౌంటెన్ అని ఒక కొండ ఉంది, దాని ఓనరు వాల్ట్ షోన్‌నెక్ట్ 1950 జనవరిలో మంచు పడకపోయేసరికి వందల టన్నుల ఐస్ దిమ్మలు తెప్పించి, పిండి కొట్టించి వాలు మీద పరిపించాడు. అదే ఏడాది అదే రాష్ట్రంలో, టే మాన్యుఫ్యాక్చరింగ్ అనే స్కీలు తయారుచేసే చిన్న కంపెనీలో వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ ముగ్గురూ కలిసి పెయింట్ స్ప్రే కంప్రెసర్, ఒక నాజిల్, తోటకి నీళ్ళు పట్టే పైపు పెట్టి మొదటి స్నో గన్ చేశారు. 1952లో న్యూయార్క్ కాట్‌స్కిల్స్‌లో గ్రాసింగర్స్ దాన్ని వాడింది. గ్రాసింగర్స్ అంటే పెద్ద స్కీ కొండ కాదు, న్యూయార్క్ జనం సెలవులకి వెళ్ళే హోటల్. అంటే ఈ టెక్నాలజీ పుట్టినప్పటి నుంచీ గదులు నింపే పనికి వాడుతున్నదే, మీరేమీ కొత్తగా తప్పు పని చేయట్లేదు.

తర్వాత 1979–80 చలికాలం తూర్పు వైపు దాదాపు మంచు లేకుండా గడిచింది. అదే చలికాలంలో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్, వింటర్ ఒలింపిక్స్‌లో మెషిన్ మంచు వాడటం అప్పుడే మొదలు. ఆ దెబ్బతో ఈ వైపు కొండలన్నీ పైపులు వేయడం మీద పడ్డాయి. న్యూయార్క్‌లో హంటర్ మౌంటెన్ అయితే తనని తాను "ప్రపంచ స్నోమేకింగ్ రాజధాని" అని పిలుచుకుని దశాబ్దాలపాటు ప్రచారం చేసుకుంది. దానివల్ల జనం పారిపోలేదు సరికదా, న్యూయార్క్ సిటీ నుంచి "హంటర్‌కి వెళ్తే ఏదో ఒకటి తెరిచే ఉంటుంది" అనే నమ్మకంతో వెళ్ళేవాళ్ళు. మెత్తటి పౌడర్, అంటే కొత్తగా పడ్డ పొడి మంచు, కావాలనుకునేవాళ్ళు పడమటి వైపు యూటా ఫ్లైట్ ఎక్కుతారు, వాళ్ళని మీరు ఏ ప్రచారంతోనూ ఆపలేరు, ఆపాల్సిన అవసరం కూడా లేదు.

ఇప్పుడు అసలు విషయం. తేదీని అమ్మండి అన్నాను, ఆ తేదీ ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడే చాలా మార్కెటింగ్ టీమ్‌లు గాల్లో మాట్లాడతాయి. ఏజెన్సీ వాళ్ళు "థ్యాంక్స్‌గివింగ్‌కి (నవంబర్ నెలాఖరులో వచ్చే పండగ) ఓపెన్" అని బ్యానర్ డిజైన్ చేసేస్తారు, కొండ మీద పనిచేసేవాళ్ళని ఒక్క మాట అడగరు. తేదీని స్నోమేకింగ్ మేనేజర్‌తో కూర్చుని లెక్క కట్టి తేల్చాలి. లెక్క పెద్ద కష్టం కాదండీ, ఒకసారి చూడండి.

గన్ నడవాలంటే థర్మామీటర్ చూపించే చలి ఒక్కటే చాలదు, గాలిలో తేమ కూడా చూడాలి, రెండూ కలిపి చూసేదాన్నే వెట్ బల్బ్ టెంపరేచర్ అంటారు. అది దాదాపు మైనస్ 2 సెంటీగ్రేడ్, అంటే 28 ఫారన్‌హీట్ కంటే కిందకి వస్తేనే పని మొదలవుతుంది. అందుకే బయట సున్నాకి ఒక డిగ్రీ పైన ఉన్నా తేమ 20 శాతమే ఉంటే గన్‌లు నడుస్తాయి, మైనస్ 1 ఉండి తేమ 90 శాతం ఉంటే నడవవు. ఇది తెలియక, "నిన్న రాత్రి ఫ్రీజింగే కదా, గన్‌లు ఎందుకు ఆపేశారు" అని కామెంట్లలో తిట్టే కస్టమర్లకి మార్కెటింగ్ వాళ్ళు సమాధానం చెప్పలేక ఆ కామెంట్లే డిలీట్ చేయడం చూశాను. డిలీట్ చేయకండి. ఇదే విషయం నాలుగు లైన్లలో చెప్తే అడిగినవాడు చల్లబడతాడు, చదివినవాళ్ళందరికీ మీ మీద గౌరవం పెరుగుతుంది.

ఇక నీళ్ళు. ఒక ఎకరంలో ఒక అడుగు మందం మంచు పరవాలంటే సుమారు లక్షా అరవై వేల నుంచి రెండు లక్షల గ్యాలన్ల నీళ్ళు కావాలి. ఉదాహరణకి మీ కొత్త పంపులు నిమిషానికి 3,000 గ్యాలన్లు ఎత్తుతాయి అనుకుందాం, గంటకి 1,80,000, అంటే రమారమి గంటకి ఎకరం-అడుగు. మీరు తెరవాలనుకున్న రన్‌లు, బిగినర్ ఏరియా, ట్యూబింగ్ అన్నీ కలిపి 20 ఎకరాలు, రెండడుగుల మందం అయితే 40 గంటలు మంచి చలి కావాలి. చెరువులో 72 లక్షల గ్యాలన్లు ఉండాలి, లేదా ఆ వేగంతో మళ్ళీ నిండాలి. మధ్యలో ఒక వాన పడి కొంత కరిగిపోతుంది కాబట్టి దాని మీద ఇంకో సగం వేసుకోండి, అంటే 60 గంటలు. ఇప్పుడు దగ్గరి ఎయిర్‌పోర్ట్ గంటగంటకీ నమోదు చేసిన వాతావరణం లెక్కలు పాత సంవత్సరాలవి తీసి, నవంబర్ 1 నుంచి వెట్ బల్బ్ 28 కంటే కింద ఉన్న గంటలు ఏ ఏడాది ఏ తేదీకి 60 దాటాయో చూడండి. పదేళ్ళు చూస్తే తొమ్మిదేళ్ళు దాటిన తేదీ ఏదో అదే మీరు పైకి చెప్పాల్సిన తేదీ. అంతకు ముందే తెరవగలిగితే అది బోనస్, అప్పుడు "అనుకున్నదానికంటే ముందే" అని ఇంకో ప్రచారం చేసుకోవచ్చు. పదేళ్ళలో మూడేళ్ళే కుదిరిన తేదీని బ్యానర్ మీద వేస్తే మాత్రం మిగతా ఏళ్ళలో ఫోన్లకి సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

ఇంకొకటి కూడా దీని వెంటే చెప్పాలి. "100 శాతం స్నోమేకింగ్ కవరేజ్" అని చాలా కొండలు రాస్తాయి. అది అబద్ధం కాదు, ప్రతి రన్ పక్కనా పైపు ఉందని దానర్థం. కానీ అన్ని రన్‌ల మీదా ఒకేసారి మంచు కొట్టే పంపు శక్తి ఎంతమందికి ఉంటుంది? పైపు అంతటా ఉండి పంపు చిన్నదైతే కొండ మొత్తం కవర్ అయ్యేసరికి జనవరి నెలాఖరు అవుతుంది. తెలిసిన స్కీయర్లు ఇది పట్టేస్తారు. మీ ఓనర్లు ఈసారి ఖర్చు పెట్టింది పంపుల మీద కాబట్టి శాతం గురించి కాదు, వేగం గురించి మాట్లాడండి. "వాన పడి తగ్గాక మూడు రాత్రుల్లో మళ్ళీ ఈ రన్‌లు రెడీ చేస్తాం" అనేది తూర్పు వైపు స్కీయర్‌కి అన్నిటికంటే విలువైన మాట, ఎందుకంటే ఇక్కడ క్రిస్మస్ ముందు వాన పడటం మామూలే. వెర్మాంట్‌లో మౌంట్ స్నో (మోహాక్ షోన్‌నెక్టే 1954లో పెట్టిన కొండ అది) 2017లో వెస్ట్ లేక్ అని 12 కోట్ల గ్యాలన్ల చెరువు తవ్వి, పంపులు, పైపులతో కలిపి సుమారు 3 కోట్ల డాలర్లు పెట్టినప్పుడు దాన్ని పెద్ద ఎత్తున చెప్పుకుంది. చెరువు కూడా వార్త అవుతుందండీ, దాంతో ఏ రన్ ఎంత ముందుగా తెరుస్తారో కలిపి చెప్తే.

ఇప్పుడు ప్రచారం ఎవరికి చేరాలి, ఎప్పుడు చేరాలి అనేదానికి వద్దాం, నా దృష్టిలో స్నోమేకింగ్‌కి మార్కెటింగ్ నిజంగా అవసరమయ్యేది ఇక్కడే. మీ కస్టమర్ ఉండేది కొండ మీద కాదు, ఫిలడెల్ఫియాలో, న్యూజెర్సీలో. పొద్దున లేచి కిటికీలోంచి చూస్తే పచ్చగడ్డి, 50 ఫారన్‌హీట్ ఎండ. ఆరోజు వాడికి స్కీయింగ్ అనే ఆలోచనే రాదు. న్యూ హాంప్‌షైర్ పరిశోధకులు 2007లో రోజువారీ లెక్కలు తీసి చూస్తే, కొండ మీద ఎంత మంచు ఉంది అన్నదానితో పాటు బోస్టన్‌లో మంచు పడిందా లేదా అన్నది కూడా స్కీ కొండలకి వచ్చే జనాన్ని గట్టిగా ప్రభావితం చేస్తోందని తేలింది. ఇంటి ముందు తెల్లగా ఉంటేనే కొండ గుర్తొస్తుంది.

దీనికి మన తెలుగువాళ్ళే మంచి ఉదాహరణ. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల నుంచి పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండలకి ట్యూబింగ్‌కి వచ్చే తెలుగు కుటుంబాలు మీకు చాలా కనిపిస్తాయి, నాలుగైదు కుటుంబాలు కలిసి వాట్సాప్ గ్రూపులో ప్లాన్ వేసుకుని వస్తారు. డిసెంబర్‌లో వాళ్ళ ఫోన్లన్నిటిలో మొదటి ప్రశ్న ఒకటే, "ఇక్కడ అసలు స్నో లేదండీ, అక్కడ ఉందా?" ఉందని నోటితో చెప్తే సగమే నమ్ముతారు. "వెబ్‌క్యామ్ లింక్ పంపుతాను, ఇప్పుడే చూడండి" అంటే పది నిమిషాల్లో ఇరవై టికెట్లు బుక్ చేస్తారు. అందుకని మీ బడ్జెట్‌లో మొదటి డబ్బు మంచి లైవ్ వెబ్‌క్యామ్‌లకి పెట్టండి, తేదీ, టైమ్ స్క్రీన్ మీద కనిపించాలి, ఒకటి తప్పకుండా ట్యూబింగ్ లేన్ల మీదకి చూస్తూ ఉండాలి. నగరంలో మంచు పడిన వారం మీరు పెద్దగా ఖర్చు పెట్టనక్కర్లేదు, ఆకాశమే ఫ్రీగా ప్రచారం చేస్తుంది. నగరంలో మంచు లేని వారంలోనే మీ యాడ్ డబ్బంతా పోయాలి. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు.

కంటెంట్ ఎక్కడి నుంచి తేవాలి అంటే, ఒక రాత్రి స్నోమేకర్లతో కొండ మీదకి వెళ్ళండి. ఇది సలహా కాదు, ఈ ఉద్యోగంలో ఇది చేయకపోతే మిగతాదంతా వృథా. నలుగురైదుగురు కుర్రాళ్ళు నెత్తికి లైట్లు కట్టుకుని, గడ్డకట్టిన పైపుల్ని భుజాన వేసుకుని వాలు మీద ఈడుస్తుంటారు. ప్రతి గన్ దగ్గరా ఆగి దాని ముందు, మంచు పడే చోట నిలబడి చెయ్యి చాపుతారు. జాకెట్ చేతి మీద పడ్డ రేణువులు ఎగిరి జారిపోతే మంచు పొడిగా వస్తున్నట్టు, గుడ్డకి అతుక్కుని తడిగా కరుగుతుంటే నీళ్ళు ఎక్కువైనట్టు. చెయ్యి దులుపుకుని వాల్వ్ ఒక పావు తిప్పు తిప్పుతారు, మళ్ళీ నిలబడి చూస్తారు. గన్‌ల హోరులో మాట వినపడదు, సైగలతోనే పని నడుస్తుంది. తెల్లారేసరికి రన్ మధ్యలో ఇంటి ఎత్తు కుప్పలు లేచి ఉంటాయి, వాటిని ఇక్కడ వేల్స్ అంటారు. వాటిలోంచి నీరు దిగిపోయేదాకా ఒకటి రెండు రోజులు వదిలేసి అప్పుడు గ్రూమర్ మెషిన్‌తో నెట్టి పరుస్తారు.

ఆ చెయ్యి మీద మంచు ఎగిరే ఇరవై సెకన్ల వీడియో, ఫోన్‌తో తీసింది, ఏజెన్సీ తీసే ఖరీదైన యాడ్ కంటే బాగా తిరుగుతుంది. నేను పనిచేసిన ఒకచోట క్రిస్మస్ ముందు వాన పడి సగం రన్‌లు మూసేశాం. అప్పుడు అందమైన పాత ఫోటోలు వేయడం ఆపేసి, రోజూ తెల్లవారుజామున స్నోమేకర్లలో ఒకడు ఏం చేశారో, ఏం మిగిలిందో తన మాటల్లో చెప్పే చిన్న వీడియో పెట్టాం. "ఈ రన్ రేపు తెరవం, ఎల్లుండి చూద్దాం" అని కూడా అతనే చెప్పేవాడు. బుకింగ్ రద్దు చేయడానికి ఫోన్ చేసినవాళ్ళు చాలామంది, వీడియో చూశాం, రెండు రోజులు వెనక్కి జరపండి చాలు అన్నారు. ఆ కుర్రాణ్ణి జనం లిఫ్ట్ లైన్లో గుర్తుపట్టి పలకరించేవాళ్ళు. మీ దగ్గర కూడా అలాంటివాడు ఒకడు ఉంటాడు, వెతకండి, అతనికి ఆ పనికి వేరే డబ్బు ఇప్పించండి, రాత్రి షిఫ్ట్ చేసినవాణ్ణి ఊరికే వీడియోలు తీయమనడం అన్యాయం.

పెద్దవాళ్ళు ఎలా చేస్తారో చూడాలంటే కిల్లింగ్టన్ చూడండి. వెర్మాంట్‌లో 1958లో తెరిచిన కొండ, తూర్పు వైపు అందరికంటే ముందు తెరిచేది, అందరికంటే చివర మూసేది తామే అని దశాబ్దాలుగా పట్టుబట్టి నిలబెట్టుకున్న పేరు దానిది. 2016లో మొదలుపెట్టి చాలా ఏళ్ళు థ్యాంక్స్‌గివింగ్ వీకెండ్‌లో మహిళల స్కీ వరల్డ్ కప్ రేసులు అక్కడ పెట్టారు, మొదటి ఏడాదే వీకెండ్ మొత్తానికి 30,000 పైగా జనం వచ్చారు, వెర్మాంట్‌లోనే చదువుకున్న అమెరికన్ స్కీ రేసర్ మికేలా షిఫ్రిన్ అక్కడ స్లాలమ్ (గేట్ల మధ్య మెలికలు తిరుగుతూ దిగే రేసు) మళ్ళీ మళ్ళీ గెలిచింది. నవంబర్ నెలాఖరులో వెర్మాంట్‌లో వరల్డ్ కప్ రేసుకి సరిపడా గట్టి మంచు అంటే అది గన్‌లు తయారుచేసిందే. అంటే టీవీలో ఆ రేసు చూసిన ప్రతివాడూ ఒక్క యాడ్ కూడా లేకుండా కిల్లింగ్టన్ స్నోమేకింగ్ ఎంత గట్టిదో చూసినట్టే. అదే రేసు పెట్టిన సూపర్‌స్టార్ అనే రన్ మీద చలికాలమంతా కొండలా మంచు పోగేసి, వసంతంలో మే నెల దాకా, కొన్నేళ్ళు జూన్ మొదటి రోజుల దాకా కూడా స్కీ చేయిస్తారు. ఆ ఒక్క రన్ మీద మేలో వచ్చే టికెట్ డబ్బు పెద్దగా ఉండదనే నా అభిప్రాయం. కానీ వచ్చే సీజన్ పాస్‌లు అమ్మేది సరిగ్గా ఆ వసంతంలోనే. పక్క కొండలు మూసేసి ఉంటే వీళ్ళది నడుస్తోంది, పాస్ ఎక్కడ కొనాలో చూసేవాడికి వేరే చెప్పక్కర్లేదు.

మీది చిన్న కొండ, వరల్డ్ కప్ రాదు, నిజమే. అయితే మిన్నెసోటాలో వైల్డ్ మౌంటెన్ చూడండి, మొత్తం ఎత్తు 300 అడుగులు. అక్టోబర్‌లో ఒక చలి రాత్రి దొరికితే చాలు, గన్‌లు ఆన్ చేసి ఒక రన్ మీద సన్నగా మంచు పరిచి కొద్ది గంటలు తెరుస్తారు, ఉత్తర అమెరికాలో ఈ సీజన్‌కి మొట్టమొదట తెరిచిన కొండ అని దేశమంతా స్కీ వార్తల్లో పేరు వస్తుంది. కొలరాడోలో అరాపహో బేసిన్, లవ్‌ల్యాండ్, కీస్టోన్ మధ్య ఏటా ఇదే పోటీ. పెన్సిల్వేనియాలో అక్టోబర్ చలిని నమ్ముకుని ఈ పోటీకి దిగమని మాత్రం నేను చెప్పను, నీళ్ళూ కరెంటూ ఒక్క రోజు ఫోటో కోసం పోతాయి, వారంలో కరిగిపోతుంది, తర్వాత నవంబర్‌లో నిజంగా కావాల్సినప్పుడు చెరువు సగం ఖాళీగా ఉంటుంది. మీరు గెలవగలిగే పోటీ వేరేది, మీ కౌంటీలో క్రిస్మస్ సెలవులకి అందరికంటే ఎక్కువ ఏరియా తెరిచి ఉంచడం.

ఇక జాగ్రత్తలు. స్నో రిపోర్ట్‌లో ఒక్క అంగుళం కూడా పెంచి రాయకండి. డార్ట్‌మౌత్ ఆర్థికవేత్తలు జొనాథన్ జిన్‌మన్, ఎరిక్ జిట్జెవిట్జ్ రిసార్ట్‌ల రిపోర్ట్‌లని వాతావరణ లెక్కలతో పోల్చి చూస్తే, వారాంతాల్లో రిసార్ట్‌లు చెప్పిన కొత్త మంచు 23 శాతం ఎక్కువగా తేలింది. మంచు శనాదివారాలు చూసుకుని పడదు కదా. ఐఫోన్ యాప్‌లో స్కీయర్లే అక్కడికక్కడ రిపోర్ట్ పెట్టే వీలు వచ్చాక ఈ పెంచడం బాగా తగ్గిందని కూడా వాళ్ళే చూపించారు. ఇప్పుడు లిఫ్ట్ మీద కూర్చున్న ప్రతివాడి చేతిలో కెమెరా ఉంది. మెషిన్ మంచునీ, పడ్డ మంచునీ కలిపి ఒకే అంకెగా ఎప్పుడూ చెప్పొద్దు. "గత 48 గంటల్లో ఈ రన్‌ల మీద మంచు కొట్టాం, ఇంత మందం" అని విడిగా రాయండి. ఉపరితలం గట్టిగా ఉంటే గట్టిగా ఉందనే రాయండి, గట్టి మంచుని "ప్యాక్డ్ పౌడర్" (అణిగిన మెత్తటి మంచు) అని రాస్తే పిల్లలతో వచ్చిన కొత్తవాళ్ళు పడి దెబ్బలు తగిలించుకుంటారు, ఇది ప్రచారం దాటి భద్రత విషయం అవుతుంది.

రెండోది ఫోటోలు. గోధుమ రంగు కొండ మధ్యలో తెల్ల రిబ్బన్‌లాంటి ఒకే ఒక్క రన్, ఈ దృశ్యం ఎంత దెబ్బ కొడుతుందో బీజింగ్ 2022 ఒలింపిక్స్‌లో ప్రపంచమంతా చూసింది, స్కీ రేసులు జరిగిన యాన్‌చింగ్‌లో దాదాపు మొత్తం మెషిన్ మంచే. రేసులు బాగానే జరిగాయి, మంచు నాణ్యతని చాలామంది రేసర్లు మెచ్చుకున్నారు కూడా, కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ ఎండిపోయిన కొండలే. సీజన్ మొదట్లో మీదీ అలాగే ఉంటుంది, డ్రోన్ ఫోటోలు అప్పుడు తీయకండి. అలాగని దాన్ని దాచమనట్లేదు, వెబ్‌క్యామ్‌లో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రచారం ఫోటోలు మాత్రం రన్ మీద నిలబడి, మనుషుల దగ్గర నుంచి తీయండి, పిల్లల మొహాలు, కాళ్ళ కింద మంచు గీతలు. ఇంకో మెట్టు పైకెళ్తే ఫ్రాన్స్‌లో లుషోన్-సూపర్‌బాన్యేర్ అనే స్కీ రిసార్ట్ ఉంది, 2020 ఫిబ్రవరిలో సెలవుల్లో మంచు లేక హెలికాప్టర్‌తో పై నుంచి 50 టన్నుల మంచు దింపించుకుంది. డబ్బు లెక్కలో అది వాళ్ళకి గిట్టుబాటే, ఉద్యోగాలు కాపాడటానికే చేశామన్నారు, కానీ దేశమంతా మండిపడింది, మంత్రి కూడా తప్పుపట్టింది. ఎంతకైనా తెగించి మంచు తెస్తాం అనే ధోరణి ప్రచారంలో ఎక్కడా రానివ్వకండి.

దీని వెంటే నీళ్ళు, కరెంటు ప్రశ్న వస్తుంది, ఈ రోజుల్లో తప్పకుండా వస్తుంది, చిన్నపిల్లలు కూడా అడుగుతున్నారు. అడిగాక వెతుక్కోవడం కాకుండా ముందే మీ వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టండి, నీళ్ళు ఏ వాగు నుంచి తీసుకుంటారు, ఎంత మట్టం కంటే కిందకి వెళ్తే తీసుకోవడం ఆపేస్తారు, కరిగాక ఎక్కువ భాగం మళ్ళీ అదే పరీవాహకంలోకి ఎలా వెళ్తుంది, కొత్త గన్‌లు పాతవాటికంటే కంప్రెస్డ్ గాలి ఎంత తక్కువ వాడతాయి. ఖర్చులో ఎక్కువ భాగం ఆ గాలిని నొక్కడానికే పోయేది, కొత్త గన్‌లలో మార్పు అక్కడే ఉంది. వెర్మాంట్‌లో 2014లో విద్యుత్ పొదుపు సంస్థ రిసార్ట్‌లకి రాయితీలిచ్చి పాత గన్‌లని పెద్ద సంఖ్యలో మార్పించినప్పుడు రిసార్ట్‌లు దాన్ని కూడా గర్వంగా చెప్పుకున్నాయి. మీ ఓనర్లు అలాంటి రాయితీ ఏదైనా తీసుకున్నారేమో అడగండి, ఉంటే మంచి వార్త. నీళ్ళ మూలం అసలు చిన్న విషయం కాదని అరిజోనా స్నోబౌల్ చూస్తే తెలుస్తుంది. అక్కడ శుద్ధిచేసిన మురుగునీటితో మంచు తయారుచేయాలనుకున్నారు, ఆ పర్వతాలు నవాహో, హోపి తదితర జాతులకి పవిత్రమైనవి, కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడిచి, 2008లో రిసార్ట్‌కి అనుకూలంగా తీర్పు వచ్చి, 2012లో మంచు కొట్టడం మొదలైంది. కేసు గెలిచినా ఆ బాధ అక్కడివాళ్ళలో అలాగే ఉంది. కొండ ఎవరిది, నీళ్ళు ఎక్కడివి అనేది తెలుసుకోకుండా యాడ్ రాయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

గ్యారంటీ ఇవ్వాలా అని మీరు చివర్లో అడిగారు. ఇవ్వండి, కానీ డబ్బు వాపసు కాకుండా రెండు రకాలుగా. ఒకటి, చాలా కొండల్లో ఉన్నదే, వచ్చిన గంటలోపు మంచు నచ్చకపోతే టికెట్ తిరిగిచ్చేసి ఇంకో రోజుకి వోచర్ తీసుకోవచ్చు. నా అనుభవంలో దీన్ని వాడుకునేవాళ్ళు చాలా తక్కువ, అడిగేవాళ్ళు మాత్రం ఎక్కువ, ఆ హామీ ఉందని తెలిస్తే చాలు బుక్ చేసేస్తారు. రెండోది పైన లెక్క కట్టిన తేదీకి ముడిపెట్టండి, "డిసెంబర్ 20కి ట్యూబింగ్ తెరవకపోతే ముందే కొన్నవాళ్ళు ఉచితంగా తేదీ మార్చుకోవచ్చు, పైన ఇంకో సెషన్ ఫ్రీ." మొత్తం కొండకి కాకుండా ట్యూబింగ్‌కి ఎందుకంటే, అది చిన్న స్థలం, ఎకరాలు తక్కువ, ఒక మంచి చలి వారం దొరికితే లేన్లు సిద్ధం. ఒకవేళ ఓనర్లకి మాట తప్పకూడదనే పట్టుదల ఎక్కువుంటే, చలితో పనిలేకుండా సున్నాకి చాలా పైన కూడా ఐస్ పలుకులు చేసే కంటెయినర్ సైజు మెషిన్లు ఉన్నాయి, టెక్నోఆల్పిన్ వాళ్ళ స్నోఫ్యాక్టరీ లాంటివి. కరెంటు ఎక్కువ తాగుతాయి, మొత్తం రన్‌కి పనికిరావు, ట్యూబింగ్‌కీ, పిల్లల ఏరియాకీ సరిపోతాయి. ముందు ఒక సీజన్ ఉన్నవాటితో నడిపి, తేదీ ఎంత దగ్గరలో తప్పుతోందో చూశాకే దాని గురించి ఆలోచించండి.

మీ పంపు నిమిషానికి ఎన్ని గ్యాలన్లు, చెరువు ఎంత, బిగినర్ ఏరియా, ట్యూబింగ్ కలిపి ఎన్ని ఎకరాలు, కొండ అడుగున ఎత్తెంత అనేవి కనుక్కుని కింద రాయండి, ఆ తేదీ లెక్క కలిసి కడదాం.